తక్కువ ధర టవర్ సర్వర్‌ను ఇంటి కంప్యూటర్‌గా మార్చుకోవడం ఎలా? వైజాగ్ వాళ్ల కోసం

"ద్వారకానగర్‌లో ఒక సర్వర్ సగం ధరకే ఇస్తామంటున్నారు, ఇంటికి తీసుకోవచ్చా?" ఇలా అడిగి, ముందు వైపు నుంచి తీసిన ఫోటో ఒకటి పంపేవాళ్లు ఎక్కువయ్యారు. సర్వర్ అంటే ఆఫీసుల్లో ఒకేసారి చాలామందికి పనిచేసి పెట్టే కంప్యూటర్. ముందు వైపు చూసి చెప్పగలిగింది ఏమీ లేదు. వెనక వైపు ఫోటో, మోడల్ నంబరు, ప్రాసెసర్ నంబరు పంపితే రెండు నిమిషాల్లో చెప్పొచ్చు. ఆ రెండు నిమిషాల పని మీరే చేసుకునేలా, కొన్న తర్వాత ఏ పని ముందు, ఏ పని తర్వాత చేయాలో తెలిసేలా ఇది రాస్తున్నాను.

డబ్బు చేతులు మారకముందు చేసే పనులు 1 నుంచి 5 వరకు ఉన్నాయి. కొనేశాక చదివేవాళ్లు 6 నుంచి మొదలుపెట్టండి, కానీ 3 మాత్రం వదలకండి.

1. టవరే తీసుకోండి, ర్యాక్ వద్దు

పిజ్జా డబ్బాలా పల్చగా, పొడుగ్గా ఉండేవి ర్యాక్ సర్వర్లు. ఆఫీసులు ఖాళీ చేసినప్పుడు ఇవే అతి చవగ్గా వస్తాయి. వాటిలో అరచేతిలో పట్టేంత చిన్న ఫ్యాన్లు వరుసగా ఉండి విపరీతమైన వేగంతో తిరుగుతాయి. రెండు గదుల ఇంట్లో ఆ శబ్దంతో టీవీ కూడా వినపడదు. మా తమ్ముడు ఒకటి తెచ్చి, మూడో రోజుకి మేడ మీద గదిలో పెట్టాడు. నాలుగో రోజుకి అమ్మేశాడు.

మీకు కావలసింది ఒకే ప్రాసెసర్ ఉన్న చిన్న టవర్, అంటే డెస్క్‌టాప్ డబ్బాలా నిలువుగా నిలబడే పెట్టె. వెతకడానికి పనికొచ్చే పేర్లు: డెల్ పవర్‌ఎడ్జ్ టీ30, టీ40, లెనోవో థింక్‌సర్వర్ టీఎస్140, థింక్‌సిస్టమ్ ఎస్‌టీ50. ఇవి లోపల చాలావరకు ఆఫీసు డెస్క్‌టాప్‌లే. వీటి పక్కన డెల్ టీ140, టీ150, హెచ్‌పీఈ ఎంఎల్30 లాంటివి కనిపిస్తాయి. అవి ఇంకాస్త అసలు సర్వర్ తరహావి. కొనొచ్చు, కానీ అదనపు ఖర్చు తప్పదు. ఎందుకో కింద ఉంది.

గేములు ఆడటమే ముఖ్యమైతే ఇక్కడే ఆగి మామూలు డెస్క్‌టాప్ చూసుకోండి.

2. వెనక వైపు చూడండి, తర్వాత ప్రాసెసర్ నంబరు చదవండి

వెనక డిస్‌ప్లేపోర్ట్ గానీ హెచ్‌డీఎంఐ గానీ ఉంటే మంచి గుర్తు. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్సే (తెర మీది బొమ్మను గీసే భాగం) నేరుగా మానిటర్‌కి వస్తుంది. ఒక్క నీలం రంగు వీజీఏ పోర్టే ఉంటే, బోర్డు మీద మ్యాట్రాక్స్ జీ200 తరహా చిన్న చిప్ ఉందని అనుకోవచ్చు. ఆ చిప్ సెట్టింగుల తెర చూపించడానికి పెట్టింది. దాని మీద యూట్యూబ్ వీడియో పెడితే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. గ్రాఫిక్స్ కార్డు కొనక తప్పదు.

ఇప్పుడు నంబరు. ఈ టవర్లలో ఉండే ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్ జియాన్‌లో ఒక అంకె, ఒక అక్షరం చాలా చెబుతాయి:

- ఈ3-1225 వీ5: గ్రాఫిక్స్ ఉంది. ఈ3-1220 వీ5, ఈ3-1230 వీ5: లేదు. ఈ3-1200 వరుసలో 'వీ'కి ముందున్న నాలుగు అంకెల్లో చివరిది 5 అయితే ఉన్నట్టు.
- ఈ-2224జీ: ఉంది. ఈ-2224: లేదు. చివర 'జీ' కోసం చూడండి.
- ఈ-2324జీ: ఉంది. ఈ-2314: లేదు.

ఇక్కడో మెలిక ఉంది. ప్రాసెసర్ చివర 'జీ' ఉన్నా, వెనక వీజీఏ ఒక్కటే ఉంటే ఆ గ్రాఫిక్స్ బయటికి వచ్చే దారి లేనట్టే. నంబరూ, పోర్టూ రెండూ కలవాలి. అందుకే వెనక వైపు ఫోటో అడిగేది.

3. ర్యామ్ సంగతి తేల్చుకోండి

ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. నేనూ పోగొట్టుకున్నాను.

నా టీ30లో 8 జీబీ వచ్చింది. ఇంకో 16 జీబీ వేద్దామని డాబా గార్డెన్స్ వైపు ఒక షాపుకి వెళ్లాను. "సర్వర్ ర్యామ్ కావాలి, డీడీఆర్4" అన్నాను. "సర్వర్‌దే సార్ ఇది, అన్నీ ఒకటే" అని చేతిలో పెట్టాడు. ధర మామూలు ర్యామ్ కన్నా తక్కువ. ఆ తక్కువే నాకు అనుమానం తెప్పించాల్సింది. ఇంటికొచ్చి పెడితే తెర వెలగలేదు. తిరిగి తీసుకెళ్తే, "సీల్ తీశారు కదా గురూ" అన్నాడు. నేను అడిగిన మాటలోనే తప్పు ఉంది: 'సర్వర్ ర్యామ్' అనేది ఒక రకం కాదు.

పొడుగు స్లాట్లలో పట్టే ర్యామ్ మూడు రకాలుగా దొరుకుతుంది.

మామూలు డెస్క్‌టాప్ ర్యామ్: ఒక వరుసలో 8 చిప్‌లు ఉంటాయి, లేబుల్ మీద 'పీసీ4-2400టీ-యూ' లాంటి రాత ఉంటుంది.

ఈసీసీ అన్‌బఫర్డ్: చిన్న టవర్లకు కావలసింది ఇదే. వరుసకు 9 చిప్‌లు. తొమ్మిదోది, డేటాలో చిన్న తప్పు దొర్లితే పట్టుకుని సరిచేయడానికి. లేబుల్ మీద వేగం తర్వాత 'ఈ' అక్షరం, అంటే 'పీసీ4-2400టీ-ఈ' లాగా.

ఈసీసీ రిజిస్టర్డ్: దీనిలోనూ అదనపు చిప్‌లుంటాయి, పైగా మధ్యలో వేరే చిప్ ఒకటి ఉంటుంది. లేబుల్‌లో 'ఆర్' అక్షరం. ఇది జియాన్ ఈ5 లాంటి పెద్ద సర్వర్లది. వాటిని విప్పినప్పుడు గుట్టలుగా వస్తుంది కాబట్టి చవక. ఈ3, ఈ-2200 వరుసల టవర్లలో ఇది పనిచేయదు. వేగం తగ్గడమో, సగమే పనిచేయడమో కాదు, అసలు కంప్యూటరే లేవదు.

కాబట్టి షాపులో అడగాల్సిన మాట ఇది: "ఈసీసీ అన్‌బఫర్డ్, డీడీఆర్4, లేబుల్ మీద ఈ ఉండాలి, పనిచేయకపోతే వెనక్కి తీసుకుంటారా?" చివరి ముక్క బిల్లు మీద రాయించుకోండి. టీఎస్140కి మాత్రం డీడీఆర్3 (అంతకు ముందు తరం ర్యామ్) కావాలి, గరిష్ఠంగా 32 జీబీ. టీ30, టీ40లకు నాలుగేసి స్లాట్లు, 64 జీబీ వరకు పడుతుంది. ఈసీసీ రకాన్నీ మామూలు రకాన్నీ కలిపి పెట్టకండి.

నా సలహా ఏంటంటే, మొదట్లోనే 16 జీబీ ఉన్న పెట్టె దొరికితే ధర కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. ఈసీసీ అన్‌బఫర్డ్ మన ఊళ్లో అన్ని షాపుల్లో ఉండదు, హైదరాబాద్ నుంచి తెప్పిస్తామంటారు, మీరు వారం ఆగుతారు.

4. పెట్టె ధర పక్కన మిగతావి రాయండి

సర్వర్‌తో పాటు కీబోర్డు, మౌస్ కూడా రావు చాలాసార్లు. కాగితం తీసుకుని కింద ఉన్న ప్రతి వరుస ఎదురుగా ధర రాసుకోండి. ఉన్నదైతే సున్నా వేయండి.

- ఎస్‌ఎస్‌డీ, 500 జీబీ దాకా. వచ్చిన హార్డ్ డిస్క్‌ను ఫైళ్లకు వాడుకోవచ్చు
- 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీ అయితే 3.5 అంగుళాల ట్రేలో బిగించే చట్రం, సాటా కేబుల్ (డిస్క్‌ను బోర్డుకి కలిపే వైరు)
- వైఫై: సర్వర్లలో ఉండదు. యూఎస్‌బీ డాంగిల్ గానీ, రూటర్ దగ్గర్నుంచి ల్యాన్ వైరు గానీ
- ఆడియో: కొన్ని మోడళ్లలో స్పీకర్ జాక్ ఉండదు. చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు చాలు
- డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐ మార్చే కేబుల్
- గ్రాఫిక్స్ కార్డు, అవసరమైతేనే
- ర్యామ్
- విండోస్ లైసెన్సు. పెట్టెతో ఏ ఓఎస్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వస్తుందో అడగండి, చాలావరకు ఏదీ రాదు
- యూపీఎస్

మొత్తం కూడండి. అదే శక్తి ఉన్న రీఫర్బిష్డ్ (బాగుచేసి మళ్లీ అమ్మే) డెస్క్‌టాప్ ధరతో పోల్చండి. నేను పెట్టుకున్న గీత: సర్వర్ మొత్తం దానిలో ముప్పావు వంతు దాటితే వదిలేస్తాను. మిగిలేది తక్కువ, తలనొప్పి ఎక్కువ.

జీఎస్‌టీ బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. కంప్యూటర్ల మీద 18 శాతం పన్ను తగ్గుతుందన్న ఆశతో వారంటీ దావా చేసుకునే ఆధారం పోగొట్టుకుంటారు.

5. షాపులో అరగంట

ద్వారకానగర్ అయినా, డాబా గార్డెన్స్ అయినా, ఏదో ఆఫీసు సామాను అమ్మే గోడౌన్ అయినా, పెట్టె తెరిచి చూపించనంటే వెనక్కి వచ్చేయండి. పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ లైవ్ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉచిత ఓఎస్) వేసుకుని వెళ్లండి. సొంత మానిటర్ కేబుల్ కూడా.

మన ఊళ్లో అదనంగా చూడాల్సింది తుప్పు. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ వైపు కిటికీలు తెరిచి వాడిన మెషీన్‌లో స్క్రూలు, పోర్టుల చుట్టూ ఉన్న రేకు ముందు చెబుతాయి. గోధుమ రంగు మచ్చలుంటే బోర్డును టార్చి వేసి చూడండి. కనెక్టర్ల దగ్గర పచ్చటి గానీ తెల్లటి గానీ పొడి కనపడితే వద్దు. ఓడరేవు దగ్గర వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు నుంచి వచ్చినవాటిలో ఫ్యాన్ల మీద నల్లటి బొగ్గు దుమ్ము అట్టకట్టి ఉంటుంది. అది భయపడాల్సిన విషయం కాదు, శుభ్రం చేసుకోవచ్చు. ధర తగ్గించమని అడగడానికి కారణం కూడా.

తర్వాత ఈ వరుసలో:

1. సర్వీస్ ట్యాగ్ లేదా సీరియల్ నంబరు ఫోన్‌లో కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పటి వరకో చూడండి. బాక్సు మీదిదీ, మెషీన్ మీదిదీ ఒకటేనా?
2. ఆన్ చేసి సెట్టింగుల్లోకి వెళ్లండి. డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీఈలో ఎఫ్9, లెనోవోలో ఎఫ్1. పాస్‌వర్డ్ అడిగితే ఆఫీసు వాళ్లు తాళం వేసి వదిలేశారని అర్థం. అది తీసి చూపించాకే మిగతా మాట.
3. ప్రాసెసర్ నంబరు, ర్యామ్ పరిమాణం తెర మీద చదవండి. చెప్పింది నమ్మకండి.
4. హార్డ్ డిస్క్ మామూలు సాటా రకమా, పెద్ద సర్వర్లలో వాడే శాస్ రకమా? శాస్ డిస్క్ మామూలు సాటా పోర్టులో పట్టదు. ఉచితంగా ఇచ్చినా అదనపు కార్డు లేకుండా అక్కరకు రాదు.
5. పెన్‌డ్రైవ్‌తో లినక్స్ లేపి, అందులోని డిస్క్స్ ప్రోగ్రాంలో స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్క) తెరవండి. రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై పక్కన పెట్టిన భాగాలు), పెండింగ్ సెక్టార్లు (అనుమానంలో ఉన్న భాగాలు) రెండూ సున్నా ఉండాలి. ఎన్ని గంటలు నడిచిందో కూడా అక్కడే ఉంటుంది.
6. అన్ని యూఎస్‌బీ పోర్టుల్లో మౌస్ పెట్టి కదపండి. ల్యాన్ వైరు పెట్టించండి.
7. ఓ పది నిమిషాలు వదిలి ఫ్యాన్ శబ్దం వినండి. ఆన్ చేసినప్పుడు పెద్దగా మోగి తగ్గడం మామూలే. తగ్గకపోతే కారణం అడగండి.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఈ అరగంట ఉండదు. కొరియర్ అబ్బాయి ఉండగానే డబ్బా తెరవడం మొదలు ఆన్ చేసేదాకా ఒకే వీడియో తీయండి.

6. ఇంట్లో కరెంటు సంగతి

పెట్టెతో వచ్చిన పవర్ కేబుల్ చూడండి. సర్వర్లతో కొన్నిసార్లు రెండు చివర్లా కంప్యూటర్ వైపు కనెక్టర్లే ఉన్న కేబుల్ ఇస్తారు, అది ర్యాక్‌లోని పవర్ పట్టీకి. గోడ సాకెట్‌లో దూరదు. మామూలు మూడు పిన్నుల కంప్యూటర్ కేబుల్ సరిపోతుంది.

ఎర్తింగ్ ఉందా అన్నది ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించి చూడండి. రేకు పెట్టె ముట్టుకుంటే చిన్నగా చిమచిమలాడుతోందంటే ఎర్త్ లేనట్టే. పాత ఇళ్లలో మూడో రంధ్రం అలంకారానికే ఉంటుంది.

ఇంట్లో చదరపు తరంగం ఇచ్చే పాత ఇన్వర్టర్ ఉంటే దాని మీద సర్వర్ నడపొద్దు. వీటి పవర్ సప్లైలు యాక్టివ్ పీఎఫ్‌సీ రకం (గోడ కరెంటులా సాఫీ అల కోరేవి), కరెంటు పోయిన క్షణంలో మారకుండా ఆరిపోవచ్చు. సైన్ వేవ్ ఇన్వర్టర్ మంచిది. సాధారణ 600 వీఏ యూపీఎస్ దాదాపు 360 వాట్లు ఇస్తుంది, చిన్న టవర్‌కీ మానిటర్‌కీ చాలు. కొన్నాక ఒకసారి ప్లగ్ పీకి, ఆరిపోకుండా ఉంటుందో లేదో పరీక్షించండి. ఆ పరీక్ష ఫైళ్లేమీ తెరవని రోజున చేయాలి.

బిల్లు గురించి కూడా అడుగుతుంటారు. ఖాళీగా ఉన్నప్పుడు 40 వాట్లు తీసుకునే టవర్‌ను రోజుకు 6 గంటలు వాడితే నెలకు 7.2 యూనిట్లు. ఆపకుండా వదిలేస్తే 28.8. అదే 150 వాట్ల ర్యాక్ సర్వర్ రాత్రింబవళ్లు నడిస్తే 108 యూనిట్లు. ఈపీడీసీఎల్ బిల్లు శ్లాబుల్లో ఎక్కుతుంది కాబట్టి ఆ 108 మీ పై శ్లాబు ధరకే పడతాయి.

సముద్రం వైపు కిటికీ కింద పెట్టకండి. నేల మీద కూడా వద్దు, నాలుగు అంగుళాల ఎత్తు చెక్క చాలు.

7. భాగాలు పెట్టే వరుస

ఒకేసారి అన్నీ బిగించి ఆన్ చేయడం పెద్ద తప్పు. లేవకపోతే ఏది కారణమో తెలియదు.

ముందు వచ్చింది వచ్చినట్టుగా ఆన్ చేయండి. పనిచేస్తే ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వండి. రేకును ముట్టుకుని, ర్యామ్ పెట్టండి. ఏ స్లాట్ ముందో మూత లోపలి వైపు బొమ్మ ఉంటుంది. ఆన్ చేయండి. మెమ్‌టెస్ట్86+ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాం) ఒక రాత్రంతా నడవనివ్వండి. ఒక్క ఎర్ర వరుస వచ్చినా ఆ ర్యామ్ వెనక్కి.

తర్వాత ఎస్‌ఎస్‌డీ. చివర గ్రాఫిక్స్ కార్డు.

కార్డు విషయంలో మూడు చూసుకోవాలి. చిన్న టవర్లలో పవర్ సప్లై 300 వాట్ల చుట్టుపక్కలే ఉంటుంది, కార్డుకి వేరే పవర్ వైరు ఉండదు. కాబట్టి స్లాట్ నుంచే కరెంటు తీసుకునే కార్డు కావాలి, అంటే 75 వాట్ల లోపు. జీటీ 1030 అనే కార్డు అయితే 30 వాట్లే. రెండోది, కొన్ని సర్వర్ స్లాట్లు 25 వాట్లు మాత్రమే ఇస్తాయి, మాన్యువల్‌లో రాసి ఉంటుంది. మూడోది, స్లాట్ పొడవు: కార్డు పట్టేంత పొడవుందో లేదో కొలవండి.

పెద్ద పవర్ సప్లై వేసేద్దాం అనుకోకండి. టీఎస్140 బోర్డుకి 14 పిన్నుల కనెక్టర్, బజారులో దొరికే వాటికి 24 పిన్నులు. డెల్ చిన్న టవర్లలోనూ వాళ్ల సొంత పద్ధతే.

8. సెట్టింగులు

ఓఎస్ వేసే ముందు మార్చాల్సినవి:

- సాటా మోడ్: రైడ్ (డిస్క్‌లను జట్టుగా వాడే పద్ధతి) ఉంటే ఏహెచ్‌సీఐకి (విడివిడిగా వాడే మామూలు పద్ధతి) మార్చండి. ఓఎస్ వేశాక మారిస్తే విండోస్ లేవదు
- బూట్ మోడ్ (కంప్యూటర్ లేచే పద్ధతి): యూఈఎఫ్‌ఐ
- టీపీఎం (విండోస్ 11 అడిగే భద్రతా చిప్): ఆన్. కొన్ని సర్వర్లలో ఇది విడిగా కొనే చిన్న ముక్క
- కరెంటు వచ్చాక ఏం చేయాలి: 'ఆఫ్‌లోనే ఉండు'. లేకపోతే అర్ధరాత్రి కరెంటు వచ్చినప్పుడల్లా దానంతటదే లేచి కూర్చుంటుంది

బయోస్ (ఈ సెట్టింగుల తెరను నడిపే, బోర్డులోని సాఫ్ట్‌వేర్, దీన్నే ఫర్మ్‌వేర్ అంటారు) కొత్త వెర్షన్ ఉంటే ఇప్పుడే వేయండి, యూపీఎస్ మీద ఉండగా. హెచ్‌పీఈ 2014 నుంచి సర్వర్ ఫర్మ్‌వేర్‌లో చాలా భాగం వారంటీ ఉన్నవాళ్లకే ఇస్తోంది. వారంటీ ముగియబోతున్న ఎంఎల్30 కొంటే ఈ పని వాయిదా వేయకండి.

9. ఏ ఓఎస్?

విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఈ3 వీ5, వీ3 ప్రాసెసర్లకు లేదు. కాబట్టి టీ30, టీఎస్140 కొనేవాళ్లు లినక్స్‌కు సిద్ధపడి కొనండి. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించే పద్ధతులున్నాయి, ఎక్కుతుంది కూడా. బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌లో నేనైతే చేయను.

విండోసే కావాలంటే ఈ-2224జీ ఉన్న టీ40, ఎస్‌టీ50 తరం చూడండి. పిల్లల చదువు, బ్రౌజర్, ఉత్తరాలు, సినిమాలు వీటికైతే లినక్స్ మింట్ గానీ ఉబుంటు 24.04 గానీ హాయిగా సరిపోతాయి. ఉబుంటు 24.04కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. తెలుగు టైపింగ్ కూడా వేరే సాఫ్ట్‌వేర్ కొనకుండానే వస్తుంది.

రెండు ప్రాసెసర్ల మెషీన్ ఇప్పటికే కొనేసి ఉంటే విండోస్ హోమ్ ఒక్క ప్రాసెసర్‌నే వాడుతుంది, ప్రో కావాలి.

10. ఎక్కువగా వచ్చే ఇబ్బందులు

*ఆన్ చేస్తే రెండు నిమిషాలు ఏమీ రాదు.* పాడవలేదు. సర్వర్ తరహా బోర్డులు ముందు అన్నీ పరీక్షించుకుంటాయి. టెన్షన్ పడి మధ్యలో ఆపకండి.

*విండోస్ సెటప్‌లో డిస్క్ కనిపించదు.* సాటా మోడ్ ఇంకా రైడ్‌లోనే ఉంది. 8వ మెట్టు.

*కార్డు పెట్టాను, తెర నల్లగా ఉంది.* మానిటర్ వైరు కార్డుకే పెట్టారా? సెట్టింగుల్లో మొదటి డిస్‌ప్లే అన్నచోట బోర్డు చిప్ కాకుండా కార్డును ఎంచుకోండి.

*స్లీప్ పెడితే లేవదు, లేదా స్లీప్ అనే ఎంపికే లేదు.* చాలా సర్వర్లకు ఆ అలవాటు లేదు. హైబర్నేట్ వాడండి, లేదా ఆపేయండి.

*కొత్త డిస్క్ పెట్టాక ఫ్యాన్లు గోల చేస్తున్నాయి.* హెచ్‌పీఈలో ఇది ఎక్కువ. వేడి ఎంతుందో చెప్పని డిస్క్ గానీ కార్డు గానీ ఉంటే ఫ్యాన్లు ముందుజాగ్రత్తగా పెరుగుతాయి. ఆ డిస్క్ తీసి చూడండి. తగ్గితే దొంగ అదే. సెట్టింగుల్లో చల్లదనం స్థాయి 'ఆప్టిమల్'లో ఉందో లేదో కూడా చూడండి.

*హెచ్‌డీఎంఐ మానిటర్‌లో బొమ్మ ఉంది, శబ్దం లేదు.* సౌండ్ సెట్టింగుల్లో అవుట్‌పుట్ మార్చి చూడండి. అక్కడా మానిటర్ పేరు లేకపోతే యూఎస్‌బీ సౌండ్ కార్డు పెట్టేయండి, దాని వెనక ఒక ఆదివారం పోగొట్టుకోవద్దు.

*వానాకాలంలో నెల రోజులు వాడలేదు, ఇప్పుడు లేవడం లేదు.* ర్యామ్ తీసి, బంగారు రంగు అంచులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడిచి, ఆరాక మళ్లీ పెట్టండి. మన తేమకి ఇది ఏటా ఒకసారి తప్పని పని. వాడకపోయినా వారానికి ఒకసారి గంట సేపు ఆన్‌లో ఉంచితే లోపల పొడిగా ఉంటుంది. ఓడరేవు వైపు ఉండేవాళ్లు రెండు నెలలకోసారి మూత తీసి బ్లోయర్‌తో దుమ్ము ఊదండి, ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి.